‘పెడియళ్’ అన్న మాట దగ్గర నేను ఆగాల్సింది

శాంతి సభల్లో నన్ను పరిచయం చేసేవాళ్ళు "మాజీ సైనికుడు" అనగానే ముందు వరుస కుర్రాళ్ళ చూపు నా చేతుల మీదికి పోతుంది. తుపాకీ పట్టిన చేతులు ఎలా ఉంటాయో చూద్దామని కాబోలు. పట్టాను, కాదనను, ఫౌజులో ప్రతివాడూ పడతాడు. కానీ శ్రీలంకలో ఉన్న ఇరవై ఏడు నెలల్లో నేను కాల్చిన తూటాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నా పని వినడం. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని అవతలివాళ్ళ వైర్‌లెస్ మాటలు వినడం, తమిళంలో విన్నదాన్ని హిందీలోకో, వచ్చీరాని ఇంగ్లీషులోకో మార్చి పైవాళ్ళకు ఇవ్వడం. నేను ఎవరికైనా హాని చేశానంటే అది ఆ పనిలోనే చేశాను.

మాది సత్యవేడు దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, ఊరు దాటితే తమిళం. మా నాన్న పశువుల బేరానికి సంతలకు పోతూ నన్నూ వెంట తీసుకుపోయేవాడు, బేరం తమిళంలో జరిగేది, బేరం చెడితే తిట్లు తెలుగులో. అట్లా వచ్చింది నాకు తమిళం, బళ్ళో చదివి కాదు. 1978లో ఫౌజులో చేరాను, సిగ్నల్స్‌లో. జబల్‌పూర్‌లో ట్రైనింగ్ అప్పుడు ఏదో ఫారం నింపించారు, అందులో తెలిసిన భాషలు రాయమని ఒక గడి ఉంది. తెలుగు, తమిళం, కొంచెం హిందీ అని రాసి మరిచిపోయాను. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ కాగితాన్ని ఎవరో బయటికి తీశారు.

1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, లంక అధ్యక్షుడు జయవర్ధనె ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టారు, లంక సైన్యానికీ తమిళ గ్రూపులకూ నడుస్తున్న యుద్ధం ఆపడానికి. మర్నాటికల్లా మన బలగాలు దిగడం మొదలైపోయింది. మొదట వెళ్ళింది సికింద్రాబాద్‌లో ఉండే 54వ డివిజన్. శాంతి పరిరక్షక దళం అని పేరు పెట్టారు, అందరూ ఐపీకేఎఫ్ అనేవాళ్ళు. మా జట్టు ఆగస్టు మొదటి వారంలో ఉత్తర లంకలో తమిళులుండే జాఫ్నా దగ్గర, పలాలీ విమానాశ్రయంలో దిగింది. మాకు చెప్పింది ఏమిటంటే, తమిళ గ్రూపులు ఆయుధాలు అప్పగిస్తాయి, లంక సైన్యం తన బారకుల్లో తాను ఉంటుంది, మనం మధ్యలో నిలబడతాం, కొన్నాళ్ళకు ఇంటికి పోతాం. నేను నమ్మాను. నమ్మకేం, రోడ్ల మీద జనం మాకు పూలదండలు వేస్తున్నారు. తాటిచెట్లు, ఎర్రమట్టి, ఇంటింటికీ తాటాకు దడి, అంతా మా వైపు ఊళ్ళలాగే అనిపించింది.

చిక్కు భాష దగ్గర వచ్చింది. మాతో ఉన్న బెటాలియన్లలో సిక్కులు, మరాఠాలు, గూర్ఖాలు ఉన్నారు, మద్రాస్ రెజిమెంట్ వాళ్ళను పక్కన పెడితే తమిళం ముక్క వచ్చినవాడు దొరకడం గగనం. అందుకని నన్ను రాత్రి వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చోబెట్టి, పగలు పెట్రోలింగ్‌కు దుబాసీగా పంపేవాళ్ళు. నిద్ర ఎప్పుడు అని అడక్కండి.

నాకు వచ్చిన తమిళం వేరు, వాళ్ళు మాట్లాడే తమిళం వేరు. ఇది పైవాళ్ళకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు, తమిళం అంటే తమిళమే కదా అనేవాళ్ళు. మొదటి వారంలోనే నా పరువు పోయింది. ఒక రైతు వచ్చి ఆఫీసర్‌తో 'కదైక్కణుం' అన్నాడు. మా వైపు తమిళంలో కదై అంటే కథ, ఎవడైనా కదై విడుతున్నాడంటే కోతలు కోస్తున్నాడని. నేను ఆఫీసర్‌తో "సాబ్, ఇతను ఏదో కథ చెప్పాలంటున్నాడు" అన్నాను. ఆయన "కథలు వినే టైం లేదు, పంపించెయ్" అన్నాడు. తర్వాత తెలిసింది, జాఫ్నా తమిళంలో మాట్లాడటాన్నే కదైక్కడం అంటారు. పాపం ఆయన మాట్లాడాలి అన్నాడు, అంతే. మాయమైన ఆవు గురించి చెప్పుకోవడానికి వచ్చాడట. అవునంటే ఆమా అనరు, 'ఓమ్' అంటారు, గూర్ఖా కుర్రాడొకడు వీళ్ళు మాటమాటకీ దేవుణ్ణి తలుచుకుంటారేమిటని అడిగాడు నన్ను. అర్థం కాలేదంటే 'విళంగేల్లై'. అవ్వను పాట్టీ అంటే నవ్వేవాళ్ళు, అక్కడ 'ఆచ్చి' అనాలి. సైన్యం అంటే 'ఆమి', ఆర్మీ అన్న మాటే అట్లా అరిగిపోయింది. తమిళ పులుల సంస్థను, అంటే ఎల్టీటీఈని, పేరు పెట్టి అనరు, 'ఇయక్కం' అంటారు, ఉద్యమం అని అర్థం.

ఇంకో మాట ఉంది. పెడియన్. కుర్రాడు అని. బహువచనం పెడియళ్. మా పెడియన్ బడికి పోయాడు, పక్కింటి పెడియళ్ బంతాట ఆడుతున్నారు, ఇట్లా. అదే మాటను ఇయక్కం వాళ్ళకూ వాడతారు. రాత్రి పెడియళ్ వచ్చి బియ్యం అడిగారంటే ఆ పెడియళ్ వేరు. ఏ పెడియళ్ అన్నది మాటలో ఉండదు, చెప్పేవాళ్ళ గొంతులో ఉంటుంది, ఎవరి ముందు చెబుతున్నారన్న దాంట్లో ఉంటుంది.

నేను ఒక నోటు పుస్తకం పెట్టుకుని కొత్త మాటలన్నీ తెలుగు లిపిలో రాసుకునేవాణ్ణి. వైర్‌లెస్ విన్నప్పుడు కూడా మొదట తెలుగులోనే గీకేసేవాణ్ణి, ఎందుకంటే తమిళ లిపిలో క, గ రెంటికీ ఒకటే అక్షరం, తెలుగులో చెవికి ఎట్లా వినపడితే అట్లా పట్టుకోవచ్చు. 'తమిళ్' అన్న మాట చివర వాళ్ళు పలికే, మనకు లేని ఆ 'ழ' కోసం మన ళ కింద చుక్క పెట్టేవాణ్ణి. తర్వాత దాన్ని ఇంగ్లీషులో లాగ్ షీట్ మీదికి ఎక్కించాలి, టైమూ, ఫ్రీక్వెన్సీ, సారాంశం. సారాంశానికి ఇచ్చిన జాగా రెండు గీతలు.

పూలదండలు రెండు నెలలు కూడా నిలవలేదు. సెప్టెంబర్ 15న దిలీపన్ అనే ఎల్టీటీఈ నాయకుడు నల్లూరు గుడి దగ్గర నిరాహార దీక్షకు కూర్చున్నాడు, మంచినీళ్ళు కూడా ముట్టకుండా, 26న చనిపోయాడు. ఆ పన్నెండు రోజుల్లో జనం మమ్మల్ని చూసే చూపు రోజుకింత మారడం నాకు తెలుస్తూనే ఉంది, ఎందుకంటే వాళ్ళు మాట్లాడుకునేది విని అర్థం చేసుకునేవాణ్ణి నేను, పక్కన ఉన్న జవాన్లు కారు. అక్టోబర్ 5న పలాలీలో లంక సైన్యం అదుపులో ఉన్న పన్నెండు మంది పులులు సైనైడ్ మింగి చనిపోయారు. ఇంకో వారం తిరక్కముందే యుద్ధం. అక్టోబర్ 11 రాత్రి జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిక్ లైట్ ఇన్‌ఫాంట్రీ వాళ్ళు ముప్పై మందిలో ఒక్కడే బతికి పట్టుబడ్డాడు. శాంతి కాపాడటానికి వచ్చినవాళ్ళం ఎవరితో యుద్ధం చేస్తున్నామో, ఎందుకు చేస్తున్నామో ఆ నెలలో నన్ను అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి. ఇప్పుడు కూడా పూర్తిగా చెప్పలేను. ఆ తర్వాత మన వాళ్ళు మొత్తం మీద పదకొండు వందలకు పైగా అక్కడ చనిపోయారు, అక్కడి జనంలో ఎందరు పోయారో.

వైర్‌లెస్ గురించి కొంచెం చెప్పాలి. దూరం నుంచి చూసేవాళ్ళు అదేదో గూఢచారి సినిమాలా ఉంటుందనుకుంటారు. గంటల తరబడి గరగర శబ్దం, మధ్యలో అంకెలు, సంకేత పదాలు, అంతే. అయితే మనిషి మనిషే కదా, సంకేతాలు చదివి చదివి విసుగొచ్చి మామూలు మాటల్లోకి దిగేవాళ్ళు. ఒకడికి దగ్గు ఉండేది. వాడి సంకేత నామం ఏదైనా నేను లాగ్‌లో ఎప్పుడూ దగ్గువాడు అనే అనుకునేవాణ్ణి. ఒక రాత్రి చెల్లెలి పెళ్ళి సంగతి చెప్పాడు అవతలివాడికి, ఇంకో రాత్రి బూట్లు కరుస్తున్నాయన్నాడు, నాకూ కరుస్తున్నాయి అప్పుడు. వాడు ఎక్కడున్నాడో పట్టుకోవడానికే నేను వింటున్నాను, ఆ సంగతి మరిచిపోయి వాడి దగ్గు తగ్గిందా అని వినేవాణ్ణి. డిసెంబర్‌లో ఒకరోజు నుంచి వాడి గొంతు వినపడలేదు. మా ఆఫీసర్ సంతోషంగా నా భుజం తట్టాడు, మనం ఇచ్చిన సమాచారం పనికొచ్చింది అన్నాడు. ఆ రాత్రి లంగర్‌లో రొట్టె నమల్లేకపోయాను. ఎవరితోనూ అనలేదు, అంటే ఏమంటారో తెలుసు.

ఇక అసలు సంగతి. 1988 మార్చి నెల. మానిప్పాయ్ దాటాక ఒక ఊళ్ళో సోదా. ఊరి పేరు రాయను, మా యూనిట్ పేరూ రాయను. ముందురోజు ఆ దారిలో మందుపాతర పేలి మా జవాను ఒకడు పోయాడు, అందరి ముఖాలూ బిగుసుకుపోయి ఉన్నాయి. ఒక ఇంటి ముందు ముసలమ్మ, డెబ్బై ఏళ్ళు ఉంటాయి. రాత్రిపూట ఈ ఇంటికి ఎవరు వస్తారని అడగమన్నాడు ఆఫీసర్. అడిగాను. ఆమె "పెడియళ్ వారవై" అంది, పెడియళ్ వస్తుంటారని. ఆగలేదు, ఇంకా ఏదో చెబుతూనే ఉంది, దీపం అంది, పడిక్కిరదు అంది, చెయ్యెత్తి లోపలికి చూపించింది. ఆఫీసర్ "షార్ట్ మే బోలో, షార్ట్ మే" అని తొందరపెడుతున్నాడు. నేను షార్ట్‌గా చెప్పాను. "రాత్రిపూట లడకే, కుర్రాళ్ళు, వస్తారంటోంది సాబ్, మిలిటెంట్లు."

మిలిటెంట్లు అన్న మాట ఆమె అనలేదు. అది నేను చేర్చాను.

ఆమె చెప్పింది ఏమిటంటే, ఆ వీధిలో కరెంటు లేదు, ఆ ఇంట్లో మంచి కిరసనాయిలు దీపం ఉంది, ఆమె మనవడూ అతని స్నేహితులూ రాత్రిళ్ళు అక్కడ కూర్చుని మన ఇంటర్ లాంటి ఏ-లెవెల్ పరీక్షకు చదువుకుంటారు. ఇది నాకు సాయంత్రం తెలిసింది, క్యాంపులో ఆ మనవణ్ణి ప్రశ్నించడానికి నన్నే కూర్చోబెట్టినప్పుడు. పదిహేడేళ్ళవాడు. కెమిస్ట్రీ పుస్తకం తెచ్చుకోనిస్తారా అని అడిగాడు. అప్పుడు నాకు కాళ్ళు చల్లబడ్డాయి. ఆఫీసర్‌తో చెప్పాను, సాబ్ పొద్దున నేను తప్పు చెప్పాను, ఆమె అన్నది వేరు అని. ఆయన చెడ్డవాడేం కాదు, ఒక నిమిషం నన్నే చూసి, "ఇప్పుడు రిపోర్టు పోయింది కదా, నిజమేదో విచారణలో తేలుతుంది" అన్నాడు. తేలడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల్లో ఏం జరిగిందో కొంత చూశాను, కొంత చూడకుండా తప్పుకున్నాను. తిరిగి పంపేటప్పుడు వాడు కుంటుతున్నాడు.

ఆగస్టులో మళ్ళీ ఆ వీధికి పోవాల్సి వచ్చింది. ముసలమ్మ నన్ను గుర్తుపట్టింది. మనవడు ఎట్లా ఉన్నాడు ఆచ్చీ అన్నాను. లోపలికి వెళ్ళిపోయింది. దడి అవతల నుంచి పక్కింటావిడ అంది, "పెడియన్ ఇయక్కత్తుక్కు పోయిట్టాన్." ఇయక్కంలోకి పోయాడు. తానుగా పోయాడో, తీసుకుపోయారో, నేను అడగలేదు. మార్చిలో నేను చెప్పిన అబద్ధం ఆగస్టుకు నిజమైంది.

1989 నవంబర్‌లో నన్ను వెనక్కి పంపారు. చివరి దళం 1990 మార్చి 24న త్రికోణమలై నుంచి ఓడ ఎక్కింది. ఆ తర్వాత ఐదేళ్ళ సర్వీసు పెద్దగా చెప్పుకోవాల్సింది ఏమీ లేదు, 1995లో హవల్దారుగా పెన్షన్ తీసుకుని ఊరికొచ్చాను, బ్యాంకులో గార్డు ఉద్యోగం దొరికింది. మా ఆవిడ అనేది, రాత్రిళ్ళు నిద్రలో ఏదో తమిళం మాట్లాడతావు, నాకు తెలిసిన తమిళంలా ఉండదు అని.

శాంతి కార్యకర్తను అవుదామని ఏనాడూ బయల్దేరలేదు నేను. 1997లో మా ఊరి బడికి రంగులు వేయడానికి నలుగురు కూలీలు వచ్చారు. బడి గోడ పక్కగా పోతూంటే నిచ్చెన మీద ఉన్నవాడు కిందివాడికి "ఓమ్, ఓమ్" అని జవాబు చెప్పడం చెవిన పడింది. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. గుమ్మిడిపూండి శరణార్థుల క్యాంపు నుంచి వచ్చారు వాళ్ళు, మాకు ఆ క్యాంపు ఎంతో దూరం కాదు. ఇన్నేళ్ళూ దాని పక్కనే ఉండి ఒక్కసారీ వెళ్ళలేదంటే, కావాలనే వెళ్ళలేదని ఒప్పుకోవాలి. ఆ రోజు వాళ్ళకు టీ పట్టుకెళ్ళి వాళ్ళ తమిళంలోనే మాట్లాడాను. ఎక్కడ నేర్చుకున్నావన్నా అని అడిగారు. చెప్పాను. నిచ్చెన మీదివాడు దిగలేదు, మాట్లాడలేదు, రంగు వేస్తూనే ఉన్నాడు. కిందివాడు టీ తాగి గ్లాసు కడిగి ఇచ్చి, "మాకు తెలుగు రాయడం, చదవడం రాదు, ఇక్కడ పోలీసులు ఆపితే కష్టమవుతోంది, సాయం చేస్తారా" అన్నాడు.

అదే మొదలు. 1991 మేలో శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగినప్పటి నుంచీ ఈ శరణార్థుల మీద అనుమానం పోలేదు, క్యాంపు దాటి ఆంధ్రాలో పనికి వస్తే చాలు, కాగితాలు చూపమనేవాళ్ళు. పోలీసుకు తమిళం రాదు, వచ్చినా ఆ తమిళం రాదు. నన్ను పిలిచేవాళ్ళు. మొదటిసారి స్టేషన్‌లో బల్లకు ఒకవైపు ఎస్సై, ఇంకోవైపు ఆ కుర్రాడు, మధ్యలో నేను. చేతులు వణికాయంటే నమ్మండి. ఎస్సై "ఏమంటాడు, రెండు ముక్కల్లో చెప్పండి" అన్నాడు. షార్ట్ మే బోలో! నేను అన్నాను, సార్, రెండు ముక్కల్లో చెప్పను, ఆయన ఎంత చెబితే అంత చెబుతాను, ఆయన నేను అంటే నేనూ నేను అనే అంటాను, ఏదైనా మాట నాకు రెండు రకాలుగా వినపడితే ఆపి ఆయన్నే అడుగుతాను, మీకు ఓపిక ఉంటేనే కూర్చుంటాను. ఎస్సై చిరాకు పడ్డాడు గానీ కూర్చోమన్నాడు. గంటన్నర పట్టింది. కుర్రాణ్ణి వదిలేశారు.

క్యాంపులో పుట్టిన పిల్లల సంగతి ఇంకో పెద్ద తలనొప్పి. పిల్ల ఇక్కడ పుట్టింది, తల్లిదండ్రులు లంకవాళ్ళు, చెన్నైలోని లంక డిప్యూటీ హైకమిషన్‌లో జననం నమోదు చేయిస్తే గానీ రేపు ఆ పిల్ల ఏ దేశం మనిషో ఎవరూ చెప్పలేరు. చంద్రహాసన్ గారు 1984లో పెట్టిన 'ఓఫర్' అనే శరణార్థుల సంస్థ ఇట్లాంటి పనులు చాలా చేసింది. నేను నా వంతు ఫారాలు నింపాను, వందల్లో. శాంతి అంటే పావురాలు ఎగరేయడం అనుకునేవాళ్ళకు చెబుతున్నాను, అందులో ఎక్కువ భాగం జిరాక్సులూ, క్యూలూ.

అప్పటికీ బహిరంగంగా నోరు విప్పలేదు. 1998 మేలో మనం పోఖ్రాన్‌లో, రెండు వారాలకు పాకిస్తాన్ చాగైలో అణుబాంబులు పేల్చాయి. ఊళ్ళో స్వీట్లు పంచారు. మరుసటేడు కార్గిల్. ఆ ఆగస్టు 15న బళ్ళో జెండా వందనానికి మాజీ జవానుగా నన్ను పిలిచి మాట్లాడమన్నారు. కార్గిల్‌లో పోయిన 527 మందికి దండం పెట్టాను, అది మనసారా పెట్టాను, అందులో రెండో మాట లేదు. ఆ తర్వాత ఎందుకో పిల్లల్ని చూస్తూ ముసలమ్మ దీపం సంగతి చెప్పేశాను, మొత్తం. చప్పట్లు లేవు. ఒక పెద్దాయన లేచి "మిలిటరీ పెన్షన్ తింటూ ఇదేం మాట అబ్బాయ్" అన్నాడు. మాజీ సైనికుల సంఘంలో నాతో టీ తాగేవాళ్ళు తగ్గిపోయారు. ఒకరిద్దరు నన్ను పిరికివాడన్నారు. వాళ్ళకు నేను ఇప్పటికీ ఒకటే చెబుతాను, అడ్మిరల్ రాందాస్ నావికాదళానికి అధిపతిగా చేసిన మనిషి, రిటైరయ్యాక పాకిస్తాన్ పౌరులతో కలిసి శాంతి కోసం పనిచేశాడు, 2004లో పాకిస్తాన్‌కు చెందిన ఐ.ఎ. రెహ్మాన్‌తో కలిసి రామన్ మెగసెసె అవార్డు తీసుకున్నాడు. ఆయన పిరికివాడైతే నేనూ పిరికివాణ్ణే.

2003 జనవరిలో హైదరాబాద్‌లో ఆసియా సోషల్ ఫోరం అని ప్రజాసంఘాల పెద్ద సభ జరిగింది. నేను అనువాదం చేస్తానని వెళ్ళాను. నిజం చెప్పాలంటే సగం సభలు నాకు విసుగు పుట్టించాయి, స్టేజి మీద ఇంగ్లీషులో ఇరవై నిమిషాలు మాట్లాడితే తెలుగులో "శాంతి కావాలంటున్నారు" అని ఒక్క ముక్క చెప్పి దిగిపోయేవాళ్ళు. శాంతి సభలో కూడా షార్ట్ మే బోలో. కానీ అక్కడే ఒక సింహళ టీచరూ, జాఫ్నా నుంచి వచ్చిన తమిళావిడా పక్కపక్కన కూర్చుని ఉండటం చూశాను. రజనీ తిరణగమ గురించి నాకు చెప్పింది ఆ తమిళావిడే. జాఫ్నా యూనివర్సిటీలో అనాటమీ పాఠాలు చెప్పే డాక్టరు, పులులు చేసినవీ, లంక సైన్యం చేసినవీ, మేం చేసినవీ ఎవర్నీ వదలకుండా తోటి అధ్యాపకులతో కలిసి రాసి పెట్టిన మనిషి. 1989 సెప్టెంబర్ 21న సైకిల్ మీద ఇంటికి పోతూంటే కాల్చి చంపారు. అప్పుడు నేను అదే జాఫ్నాలో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. ఆమెలాంటి మనుషులు అక్కడున్నారని నా లాగ్ షీట్లలో ఎక్కడా లేదు, ఎందుకంటే వాళ్ళ దగ్గర వైర్‌లెస్ లేదు.

అప్పటికి లంకలో కాల్పుల విరమణ నడుస్తోంది, 2002 ఫిబ్రవరిలో నార్వేవాళ్ళు కుదిర్చింది. జాఫ్నాను మిగతా లంకతో కలిపే ఏ-9 రోడ్డు తెరిచారు. (2006 ఆగస్టులో మళ్ళీ మూసుకుపోయింది, 2009 మేలో యుద్ధం ఎట్లా ముగిసిందో అందరికీ తెలుసు.) ఆ ఫోరంలో కలిసిన టీచర్లు రమ్మంటే 2003 వేసవిలో వెళ్ళాను. మా ఆవిడ వద్దంది, ఆమెది న్యాయమైన భయం. మాజీ ఐపీకేఎఫ్ అని తెలిస్తే పులుల ఇలాకాలో ఏం చేస్తారో ఎవరికి తెలుసు.

ఆ వీధి దొరికింది. ఇల్లు లేదు, గోడలు నడుము ఎత్తున మిగిలాయి, బావి మాత్రం ఉంది. ముసలమ్మ 1995లో జనమంతా జాఫ్నా వదిలి వెళ్ళినప్పుడు దారిలో పోయిందట. మనవడి సంగతి ఎవరికీ తెలియదు. పక్కింటావిడ ఉంది, అదే ఆవిడ. ఆమెకు మొత్తం చెప్పాను. ఏ మాట, ఎక్కడ ఆపాను, ఏం చేర్చాను, అన్నీ. క్షమాపణ అన్న మాటకు వాళ్ళ తమిళంలో ఏమంటారో ముందే నోటు పుస్తకంలో చూసుకుని వెళ్ళాను, అక్కడికి పోయేసరికి నోరు పెగల్లేదు. ఆమె చాలాసేపు ఊరుకుని, "పెడియళ్ అంటే ఏ పెడియళ్ అని మాకే ఒక్కోసారి తెలియదు తమ్ముడూ" అంది. ఊరట కోసం అన్నదో, నాకు ఊరట ఇవ్వకూడదని అన్నదో నాకు ఇప్పటికీ విళంగేల్లై. బావిలో నీళ్ళు తోడి ఇచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు పళై దగ్గర పులుల చెక్‌పోస్టు. బస్సు దింపి సామాను తెరిపించారు. బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడికి పద్దెనిమిది దాటి ఉండవు, పై పెదవి మీద నూనూగు మీసం. నా పాస్‌పోర్టు తిప్పి చూస్తూ, ఇండియావాడివి, మా తమిళం ఎక్కడ పట్టావని అడిగాడు. ఇంతకాలం అన్ని చోట్లా మొత్తం చెప్పాలి, మొత్తం చెప్పాలి అని తిరిగినవాణ్ణి, అక్కడ మాత్రం "గుమ్మిడిపూండి క్యాంపులో" అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. వాడు తల ఎత్తాడు. మా మామ అక్కడే ఉన్నాడు, 1990లో ఇక్కణ్ణుంచి వెళ్ళిపోయాడు, నాకు ముఖం గుర్తులేదు, చూస్తే చెబుతావా అన్నాడు. ఏమని చెప్పను అంటే ఆలోచించాడు. అమ్మ బాగుంది, బావి పక్క మామిడి చెట్టు కాపుకొచ్చింది, నాకు కళ్ళజోడు వచ్చింది, ఇంతే అన్నాడు. పక్కన ఇంకొకడు వస్తూంటే పాస్‌పోర్టు ఇచ్చేసి పొమ్మని చెయ్యి ఊపాడు.

క్యాంపులో ఆ మామను పట్టుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. గది ముందు స్టూలు వేసి కూర్చోబెట్టి చెప్పమన్నాడు. చెప్పాను, అమ్మ బాగుంది, బావి పక్క మామిడి చెట్టు కాపుకొచ్చింది, నాకు కళ్ళజోడు వచ్చింది. కళ్ళజోడు ఎట్లాంటిది అన్నాడు. నల్ల ఫ్రేము, ఎడమ వైపు దారంతో కట్టాడు అన్నాను. నవ్వాడా, ఏ చేత్తో రాశాడు, గొంతు ఎట్లా ఉంది. చూసింది చూసినట్టు చెప్పాను, చూడనిది చూడలేదన్నాను. ఆయన లోపలికి పోయి భార్యను పిలుచుకొచ్చి, మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నాడు.